సుక్కమ్మ ముందే చెప్పిన స్తోత్రం

కోస్గి బస్టాండులో సుక్కమ్మను ఒక్కసారి చూసినవాళ్ళు మళ్ళీ మరిచిపోరు. బస్సు జాడ కూడా లేనప్పుడే ఆమె లేచి నిలబడి, కొంగు నడుముకు దోపుకుని, సంచి చంకన పెట్టుకుని, "స్తోత్రం తండ్రీ, బస్సొచ్చింది" అంటుంది. పక్కనున్న ఆడవాళ్ళు గబగబా మూటలు ఎత్తుకుని అటూ ఇటూ చూస్తారు. రోడ్డు మీద కుక్క తప్ప ఏమీ ఉండదు. ఆమె మొగుడు సాల్మన్ మాత్రం బెంచీ మీంచి కదలడు. బస్సు వచ్చి ముక్కుకు తగిలేదాకా లేవకూడదని అతని సిద్ధాంతం. బస్సు ఎప్పటికో వస్తుంది. సుక్కమ్మ అందరికంటే ముందు ఎక్కి కిటికీ సీటు పట్టుకుని, ఆలస్యంగా ఎక్కిన మొగుణ్ణి చూసి నవ్వుతుంది. ఆడవాళ్ళకు టికెట్టు లేకుండా చేసినప్పటి నుంచి ఈ స్తోత్రాలు మరీ ఎక్కువయ్యాయని కండక్టర్లు చెప్పుకుంటారు.

ఆమె తీరే అంత. ఇచ్చిన తర్వాత కృతజ్ఞత చెప్పడం ఎవరైనా చేస్తారు, అందులో గొప్పేముంది అని వాదిస్తుంది. మేకను కొనకముందే గుంజ పాతి పలుపు కట్టింది. కూతురు గ్లోరీకి సంబంధం కుదరకముందే అల్లుడు కూర్చోవడానికి కుర్చీ కొంది. సర్కారు బడిలో పిల్లలకు మధ్యాహ్నం వంట చేస్తుంది గదా, బియ్యం బండి ఊరి పొలిమేర దాటకముందే పొయ్యి మీద ఎసరు పెట్టేస్తుంది. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని ఊళ్ళోవాళ్ళు ఎగతాళి చేస్తే, కొడుకు సంగతి తెలియదు గాని మొగుడి పేరు సాల్మన్ అని జవాబు చెబుతుంది.

ఈ అలవాటు బొంబాయిలో పట్టింది. పెళ్ళయిన కొత్తలో మొగుడూ పెళ్ళాలు అక్కడికి పోయి ఎనిమిదేళ్ళు మేస్త్రీల కింద పనిచేశారు. ఇసుక తట్ట నెత్తిన పెట్టుకుని నాలుగంతస్తులు ఎక్కాలి. మొదటి మెట్టు మీద కాలు పెట్టకముందే సుక్కమ్మ, "దించిన తండ్రీ, స్తోత్రం" అనేది. అట్లా అంటే తట్ట బరువు సగం తగ్గేదట. సాల్మన్ కూడా ఒకసారి అని చూశాడు. అతనికి ఏమీ తగ్గలేదు.

అన్నిసార్లూ ఆమె అన్నట్టే జరిగిందని నేను చెప్పను. ముందే గుంజ పాతి తెచ్చుకున్న ఆ మేకకు జబ్బు చేస్తే, నయమైందని ముందే స్తోత్రం చెప్పింది. తెల్లారేసరికి మేక చచ్చింది. తొమ్మిది రోజులు దేవుడితో మాట్లాడలేదు. పదో రోజు పొయ్యి ముందు కూర్చుని, నీ మీద అలిగి నేనెక్కడికి పోతాను, నాకు ఇంకో పుట్టిల్లు ఉందా అని ఆమే రాజీకి వచ్చింది.

పుట్టిల్లు మాట వచ్చింది గనుక అసలు సంగతి చెప్పాలి. ఎన్నింటికో ముందే స్తోత్రం చెప్పిన సుక్కమ్మకు ఒక్క విషయంలో మాత్రం నోరు పెగిలేది కాదు. అది ఒడిబియ్యం.

ఈ ప్రాంతంలో ఏ దేవుణ్ణి మొక్కేవాళ్ళకైనా ఒడిబియ్యం ఒడిబియ్యమే. తల్లిగారింటి నుంచి అన్నో తమ్ముడో పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వచ్చి, ఆడబిడ్డ ఒళ్ళో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, కొత్త చీర పోసి పోతారు. మొగుడు పక్కనే కూర్చుని, బామ్మర్ది పెట్టిన బట్టలు తీసుకోవాలి. మూడో ఏడో, ఐదో ఏడో, మొత్తానికి బేసి ఏడు కావాలి. ఆ బియ్యం వండి ఊరికి పెట్టేదాకా ఆడదాని కాలు నేల మీద నిలవదు. వెనుకటి పాస్టరు ఒకాయన బియ్యంలో పసుపు ఎందుకని అభ్యంతరం చెప్పాడు. చర్చిలో ఆడవాళ్ళంతా రెండు వారాలు ఆయన ముఖం చూడకపోయేసరికి, ప్రార్థన చేసి పోస్తే రంగుతో పనిలేదని ఆయనే తీర్పు చెప్పాడు.

సుక్కమ్మకు చివరిసారి ఒడిబియ్యం పోసింది తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడు. ఆ ఏడే కోతకాలపు పండుగలో ఆమె మొగుడికీ తమ్ముడికీ చెడింది.

కోతకాలపు పండుగంటే చుట్టుపక్కల ఊళ్ళ క్రైస్తవులంతా కోస్గి చర్చికి తమ మొదటి పంట తెచ్చి దేవుడికిచ్చే రోజు. ఇచ్చినవాటిని అక్కడికక్కడే వేలం పాట పెడతారు. దేవుడి సొమ్ముకు వెనుకాడకూడదని సొరకాయకు కూడా సొరచేప ధర పలుకుతుంది. ఆ ఏడు సుక్కమ్మ తమ కందిచేను గట్టు మీద కాసిన గుమ్మడికాయను నెత్తిన పెట్టుకుని తెచ్చింది. ఆమె తమ్ముడు గురవయ్య, మా అక్క తెచ్చిన కాయ పరాయివాళ్ళకు పోవడమేంటని పాట మొదలుపెట్టాడు. మా చేను కాయ నా ఇంటికే రావాలని సాల్మన్ పైకి పాడాడు. ఇద్దరిదీ ప్రేమే. ఆ ప్రేమతోనే గుమ్మడికాయ ధర మేకపోతు ధరను దాటించారు. చివరికి కాయ గురవయ్యకు దక్కింది. జనం చప్పట్లు కొడుతుంటే అతను ఉబ్బితబ్బిబ్బై, "అక్కనే ఇచ్చినోళ్ళం బావా, కాయకు ఎనుకాడుతమా?" అన్నాడు.

సరదాకే అన్నాడు. కానీ సాల్మన్‌కు అది, మేం దానం చేస్తే నీకు సంసారం దొరికింది అన్నట్టు వినిపించింది. నాలుగూళ్ళ ముందు తల తీసేసినట్టయింది. ఆ మాట వెనక్కి తీసుకునేదాకా మా గడప తొక్కొద్దన్నాడు. తీసుకోవడానికి అందులో తప్పేముందని గురవయ్య అన్నాడు. ఆ కాయను ఇద్దరూ ముట్టలేదు. అప్పటి పాస్టరుగారింట్లో మూడు రోజులు గుమ్మడికాయ పులుసు కాచుకున్నారు.

పదేళ్ళు గడిచాయి. సుక్కమ్మ చావులకూ పెళ్ళిళ్ళకూ తల్లిగారి ఊరికి పోయి వస్తూనే ఉంది. తమ్ముడు అక్కా అని పిలిచి నీళ్ళిస్తాడు, ఇంటికి మాత్రం రాడు. ఒడిబియ్యం అడిగి పోయించుకునేది కాదు. మూడో ఏడు పోయింది, ఐదు పోయింది, ఏడు, తొమ్మిది కూడా పోయాయి. ఇప్పుడు పదకొండోది నడుస్తోంది. ఇది దాటితే వచ్చేది సరి ఏడు. అప్పటికి ఎవరి మోకాళ్ళు ఎట్లా ఉంటాయో, ఎవరు ఉంటారో పోతారో. బేసీ సరీ అని దేవుడు చెప్పాడా అని సాల్మన్ కసిరితే, దేవుడు చెప్పలేదు, మా అవ్వ చెప్పింది అని ఊరుకునేది.

కోతకాలపు పండుగ ఇంకో వారం ఉందనగా ఆదివారం వచ్చింది. వాళ్ళ ఊరి చిన్న చర్చికి పాస్టరు దివాకర్. అందరూ అయ్యగారు అంటారు. మంచివాడు, మోటారు సైకిలు మీద పొద్దున ఈ ఊళ్ళో, మధ్యాహ్నం గురవయ్య ఊళ్ళో ఆరాధన చేస్తాడు. ఆ పొద్దు ఆయన, చనిపోయి నాలుగు రోజులైన స్నేహితుణ్ణి ప్రభువు సమాధిలోంచి పిలిచిన సంగతి చెప్పాడు. ఆయన ముందు పిలిచి తర్వాత స్తోత్రం చెప్పలేదు, చచ్చినవాడు ఇంకా లోపల ఉండగానే తండ్రికి కృతజ్ఞత చెప్పాడు, విశ్వాసం అంటే అదీ అన్నాడు. సుక్కమ్మకు ఒళ్ళు ఝల్లుమంది. ఇన్నేళ్ళూ తాను చేస్తున్నదే ప్రభువూ చేశాడని తెలిస్తే ఎవరికి మాత్రం ఒళ్ళు ఊరుకుంటుంది?

వాక్యం అయ్యాక అయ్యగారు ఎప్పటిలాగే, సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే లేవండి అన్నాడు. దేవుడు తమకు చేసిన మేలును అందరి ముందూ చెప్పడమే సాక్ష్యం. సుక్కమ్మ లేచింది. లేవాలని ఆమె అనుకోలేదు, మోకాళ్ళే లేచాయి.

"మా తమ్ముడు గురవయ్య మా ఇంటికొచ్చిండు" అంది. "పదకొండో ఏట నాకు ఒడిబియ్యం పోసిండు. బావ, బామ్మర్ది ఒక్కకాడ కూసొని బువ్వ తిన్నరు. దేవునికి స్తోత్రం."

చర్చి పైకప్పు రేకులు అదిరేలా చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళు ఆమెను చుట్టుకుని ఏడ్చారు. మగవాళ్ళ వైపు కూర్చున్న సాల్మన్ నోరు తెరిచి అట్లాగే ఉండిపోయాడు. అతనికి మొదట వచ్చిన ఆలోచన, నేను కందిచేనుకు పోయినప్పుడు వాడు వచ్చి ఉంటాడని. కానీ ఒక్కకాడ కూర్చుని తిన్నారంది. తానెప్పుడు తిన్నాడు? అతను ఇంకా ఆ లెక్కలోనే ఉండగా, అయ్యగారు కళ్ళు తుడుచుకుంటూ, సాల్మనన్న లేచి నిలబడాలని కోరాడు. లేచాడు. మళ్ళీ చప్పట్లు. ఏదో చెప్పబోయాడు గాని ఆ మోతలో అతని మాట అతనికే వినబడలేదు. కక్కలేక మింగలేక కూర్చున్నాడు.

ఇంటికి రాగానే తిన్నగా వంటింట్లోకి పోయి బియ్యం డబ్బా మూత తీసి చూశాడు. లోపల తెల్లబియ్యమే ఉన్నాయి.

"ఒడిబియ్యమేయి?" అన్నాడు.

"ఇంక రాలె" అంది సుక్కమ్మ.

"రాకముందుకే వచ్చినయని చర్చిల ఎట్ల చెప్తివే?"

"అయ్యగారు చెప్పిండు గద, ప్రభువు ముందుగాలనే స్తోత్రం చెప్పిండని."

"ఆయన ప్రభువు. నువ్వు ప్రభువువా?"

"కాదు. గందుకే ఆయన్నే అడిగిన."

సాల్మన్‌కు ఎన్ని లోపాలున్నా అబద్ధం మాత్రం ఆడడు. బొంబాయిలో మేస్త్రీ ముందు కూడా ఆడలేదు. అందుకే పనులు పోగొట్టుకున్నాడు. వచ్చే ఆదివారం కోస్గిలో నాలుగూళ్ళ ముందు లేచి, మా ఇంటికి ఎవడూ రాలేదు, నా పెళ్ళాం నోరు జారింది అని చెప్పేస్తానన్నాడు. "నా ఇంట్ల అబద్ధం నిలువదు" అని తువ్వాలు దులిపి చేనుకు పోయాడు.

ఇటు ఇట్లా ఉండగా అయ్యగారి మోటారు సైకిలు గురవయ్య ఊరు చేరింది. సంతోషం ఆగనివాడు గదా, ఆరాధన మొదట్లోనే గురవయ్యను లేపి నిలబెట్టి, పగ విడిచి అక్క ఇంటికి పోయి ఒడిబియ్యం పోసిన ఈ సహోదరుణ్ణి చూడండి, పొద్దున వాళ్ళ బావ సాల్మన్ కూడా అందరి ముందూ లేచి నిలబడ్డాడు, వచ్చే ఆదివారం పండుగలో బావా బామ్మర్దులిద్దరూ కలిసి సాక్ష్యం చెబుతారు అన్నాడు. మనవాళ్ళకు చిన్నప్పటి నుంచి ఒక అలవాటు ఉంది. ఎవరైనా మెచ్చుకుంటే, దేనికి మెచ్చుకున్నారో తెలియకముందే నోట్లోంచి ఒక మాట వస్తుంది. గురవయ్యకూ వచ్చింది.

"అంత దేవుని మహిమ" అన్నాడు.

అన్న తర్వాత అర్థమైంది. అప్పటికి చప్పట్లు కొట్టేశారు.

ఇంటికి పోయాక అతని పెళ్ళాం తిరుమల తలుపు మూసి నిలదీసింది. పేరు తిరుమల అయినా ప్రార్థన యేసయ్యకే. ఆ పేరుతో దేవుడికి లేని ఇబ్బంది ఎవరికీ లేదు. నేను లేకుండా ఒడిబియ్యం పోసింది ఎవతి అన్నది ఆమె ప్రశ్న. తానసలు పోనేలేదని గురవయ్య ఒట్టు పెట్టాడు. మరి అంత దేవుని మహిమ అని ఎందుకన్నావంటే, అలవాటు అన్నాడు. ఇద్దరూ చాలాసేపు ఆలోచించారు. చివరికి గురవయ్యకే తట్టింది. బావ అబద్ధం చెప్పడు. ఆ బావ ఒడిబియ్యం మాట విని అందరి ముందూ లేచి నిలబడ్డాడంటే, అది తనకు పిలుపు పంపడమే. నోటితో పిలవలేక ఇట్లా పిలిచాడు. ఆ మాట అనుకోగానే అరవై దగ్గర పడుతున్న మనిషి మంచం మీద ఎగిరి కూర్చున్నాడు. వెంటనే పోదామంటే తిరుమల ఆపింది. ఉత్త చేతులతో పోతామా, సంతలో చీర కొనాలి, బావకు బట్టలు కొనాలి, శనివారం పోదాం అంది.

ఈ సంగతులేవీ సుక్కమ్మకు తెలియవు. ఆమెకు తెలిసిందల్లా ఆరు రోజులు మిగిలాయని. పైకి మాత్రం రోజూ రాత్రి వంటకు తమ్ముడికీ మరదలికీ కూడా బియ్యం పోసింది. పళ్ళాలు కడిగి వరుసగా పెట్టింది. రాని చుట్టాల అన్నమంతా పొద్దున సాల్మన్ చద్దన్నంగా తినాల్సి వచ్చింది. బడిలో పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. పొయ్యి ముందు, "నేను నోరు జారిన నాయినా, నువ్వు జారకు" అని గొణిగింది. చనిపోయిన మేక మాటిమాటికీ గుర్తుకొచ్చింది.

సాల్మన్ పరిస్థితి ఇంకా చిత్రంగా ఉంది. సోమవారం టీ హోటలుకు పోతే, పెద్ద మనసు చేసుకున్నావని కుర్చీ తుడిచి వేశారు. మంగళవారం మంగలి అడగకుండానే మీసం కత్తిరించి సవరించాడు. అరవై ఏళ్ళ బతుకులో అతన్ని ఎవరూ పెద్దమనిషి అనలేదు. నిజం చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ టీ తాగి వచ్చాడు.

బుధవారం గొర్ల కాపరి బీరన్న చేను దాకా వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. సొంత తమ్ముడితో రెండేళ్ళుగా మాటల్లేవట. నువ్వు మీ బామ్మర్దితో ఎట్లా కలిశావో నాకూ చెప్పమన్నాడు. సాల్మన్ కంది మండలు పక్కకు పెట్టి, గొంతు సవరించుకుని చెప్పసాగాడు.

"మాట మనమే ముందుగాల కలపాలె బీరన్నా. వాడు అన్నది సరదాకన్నడో, ఎందుకన్నడో. పదేండ్లు దాన్ని బుగ్గల పెట్టుకొని నమిలితే మన పండ్లే అరుగుతయి."

బీరన్న దండం పెట్టి పోయాడు. సాల్మన్ కంది మండలు మళ్ళీ చేతికి తీసుకున్నాడు. ఆ మాటలు తనవేనా అని అతనికే అనుమానం వచ్చింది.

శుక్రవారం అన్నం తింటూ, పెళ్ళాం ముఖం చూడకుండా అడిగాడు.

"వాడు ఎన్ని సోలెల బియ్యం పోసినట్టు?"

సుక్కమ్మ చేతిలో గంటె ఆగింది. "ఐదు" అంది.

"ఎవరన్న అడిగితె చెప్పొద్దా, గందుకని అడుగుతున్న. నాకేం బట్టలు పెట్టినట్టు?"

"తెల్ల ధోతి. కండువ."

"అంగి బట్ట పెట్టలే?"

"పెట్టిండు. నీలం గళ్ళది."

సాల్మన్ తలాడించి ఇంకో ముద్ద తిన్నాడు. అయినా ఆదివారం లేచి నిజమే చెప్తానన్నాడు. అంతకుముందున్నంత గట్టిగా అనలేదు.

శనివారం మధ్యాహ్నం గురవయ్య, తిరుమల బయలుదేరారు. లోకం దృష్టిలో వాళ్ళు ఒకసారి వచ్చి పోయినవాళ్ళే గదా, పెద్ద రోడ్డు మీద బియ్యం మూటతో కనిపిస్తే ఏం చెప్పాలి? అందుకని ఊరి బయట బస్సు దిగి, గొర్లు పోయే బాట పట్టుకుని కందిచేన్ల నడుమ నుంచి దొంగల్లా వచ్చారు. తిరుమల కొత్త చీర నిండా పల్లేరు కాయలు అంటుకున్నాయి. ఎవరికీ కనబడకూడదనుకుంటే బీరన్నే మందతో సహా ఎదురయ్యాడు. మళ్ళీ వచ్చినవా అని అడిగాడు. గురవయ్య నెత్తిన మూటతో, మళ్ళీ వచ్చిన అన్నాడు. ఒక్క వారంలో రెండుసార్లు ఒడిబియ్యం పోసే తమ్ముణ్ణి పుట్టి బుద్ధెరిగి చూడలేదని బీరన్న గొర్లతో చెప్పుకుంటూ పోయాడు.

సాల్మన్ వాకిట్లో మంచం మీద కూర్చుని పలుపు పేనుతున్నాడు. తడిక అవతల వచ్చి నిలబడ్డ మనిషిని చూశాడు. గురవయ్య జుట్టు నెరిసింది. సాల్మన్‌కు రెండు పళ్ళు లేవు. దగ్గరి నుంచి ఒకరినొకరు పదకొండేళ్ళ తర్వాత చూసుకుంటున్నారు. తిరుమల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపల తలుపు చాటున సుక్కమ్మ నిలబడింది. ఆ ఒక్క గడియ ఆమెకు స్తోత్రం గుర్తుకు రాలేదు, ప్రార్థన గుర్తుకు రాలేదు, ఏమీ గుర్తుకు రాలేదు. మొగుడి నోట్లోంచి ఏ మాట వస్తుందోనని ఆ నోటినే చూస్తూ ఉంది.

సాల్మన్ తాడు కింద పెట్టాడు.

"మొన్నొచ్చినప్పుడు సక్కగ లోపటికి వచ్చి కూసుంటివి" అన్నాడు. "ఇయ్యాలేంది గురవా, కొత్తోని లెక్క తడిక కాడ నిలబడ్డవు?"

గురవయ్య నెత్తి మీది మూట సర్దుకున్నాడు. "మొన్న మర్యాద జేస్తివి బావా" అన్నాడు. "ఇయ్యాల జేస్తవో లేదో అని."

సాల్మన్ పోయి తడిక తీశాడు. బియ్యం మూట తన నెత్తికి ఎత్తుకున్నాడు. ఆ రోజు కాయ కాడ అన్న మాట గురించి గురవయ్య ఏదో మొదలుపెడితే, ఏ కాయ అన్నాడు.

చాప పరిచి మొగుడూ పెళ్ళాలను కూర్చోబెట్టారు. గురవయ్య ప్రార్థన చేశాడు. కళ్ళనీళ్ళతో ఎటో పోయి, ఊళ్ళో వానలకూ పిల్లల చదువులకూ కూడా చేసి వచ్చాడు. తిరుమల సోలెతో పోయసాగింది. ఒకటి, రెండు, మూడు. పచ్చటి బియ్యం ఒళ్ళో జారుతుంటే సుక్కమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. బొంబాయిలో నాలుగంతస్తులు ఇసుక మోసిన నడుము ఆ ఐదు సోలెల బియ్యానికి వణికింది. మరదల్ని పట్టుకుని పిల్లలా నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారో తెలియకుండా అందరూ నవ్వారు.

సాల్మన్ మాత్రం బట్టలు విప్పి చూసుకున్నాడు. ధోతి ఉంది, కండువా ఉంది, అంగి బట్ట కూడా ఉంది. గీతలూ గళ్ళూ లేని తెల్లది.

"నీలం గళ్ళది అంటివి గదనే" అన్నాడు.

గురవయ్యకు ఏమీ అర్థం కాలేదు. సుక్కమ్మకు మళ్ళీ నవ్వు అందుకుంది, ఈసారి ఆగలేదు.

మరునాడు కోస్గి చర్చి ఆవరణ నిండా మక్కకంకులూ జొన్నకంకులూ కోళ్ళూ సొరకాయలూ. అయ్యగారు ముగ్గుర్నీ వేదిక మీదికి పిలిచాడు. గురవయ్య గొంతు సవరించుకుంటుండగా సుక్కమ్మ ముందుకొచ్చింది. రాత్రంతా ఆమె మనసు ఒక్కదాని మీదే ఉంది. దేవుడు మాట నిలబెట్టాడు గదా అని అబద్ధాన్ని అట్లాగే కప్పిపెడితే ఆయన ముందు ముఖం ఎట్లా ఎత్తడం?

"అయ్యగారూ, నేను పోయిన ఐతారం చెప్పింది ఆ పొద్దుకు నిజం కాదు" అంది. "నిన్న మధ్యాహ్నం నిజమైంది. నడుమల ఆరు దినాలు నేను శానా భయపడ్డ. స్తోత్రం చెప్పినంక గూడ భయపడ్డ. గది గూడ చెప్పాలె గద."

ఒక కోడి మాత్రం అరిచింది. అయ్యగారు గురవయ్య వైపు చూశాడు, గురవయ్య నేల చూశాడు. అప్పుడు సాల్మన్ తెల్ల ధోతి సర్దుకుని ముందుకు వచ్చాడు.

"నా ఇంట్ల అబద్ధం నిలువదని ఆ పొద్దే చెప్పిన" అన్నాడు. "నిలువలే."

ముందు ఎవరు నవ్వారో తెలియదు. తర్వాత నవ్వనివాళ్ళు లేరు. దివాకర్ అయ్యగారు నవ్వీ నవ్వీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇక నుంచి సుక్కమ్మ సాక్ష్యం చెబితే ఏ వారం సంగతో ముందు అడిగి తెలుసుకుంటానన్నాడు. ఆమె ఆ ఏడు కూడా గుమ్మడికాయ తెచ్చింది. పాట పెడితే బావ పాడాలని బామ్మర్ది, బామ్మర్దే పాడాలని బావ మొండికేశారు. వాళ్ళు ఒకరినొకరు బతిమాలుకుంటుండగా ఎవరో రిటైరైన పంతులుగారు కాయను చౌకగా పాడుకుని పోయాడు.

సాయంత్రం బస్టాండులో నలుగురూ కూర్చున్నారు. బియ్యం ఎప్పుడు వండాలి, ఎవరెవరిని పిలవాలి అని ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. మాట మధ్యలో సుక్కమ్మ లేచింది. కొంగు నడుముకు దోపుకుంది.

"స్తోత్రం తండ్రీ, బస్సొచ్చింది" అంది.

జనం గబగబా లేచి చూశారు. రోడ్డు మీద కుక్క తప్ప ఏమీ లేదు. వాళ్ళంతా మళ్ళీ కూర్చున్నారు. సాల్మన్ మాత్రం లేచి, సంచి భుజాన వేసుకుని, పెళ్ళాం పక్కన నిలబడ్డాడు.